తొమ్మిది అంగుళాల అపోహ: హోం శాఖకూ, సాము నేర్పే తోటి గురువులకూ బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల హోం శాఖ, పోలీసు ఉన్నతాధికారులకు,
కర్ర, కత్తి సాము నేర్పుతున్న తోటి గురువులకు,

నమస్కారం.

ఇరవై రెండేళ్లుగా కర్రసాము నేర్పుతున్నాను. మొదట మా తాతగారి తాలింఖానాలో, అంటే కర్ర, కత్తి సాము నేర్పే చోట, కర్ర పట్టుకున్నాను. తర్వాత ఫిలిప్పీన్స్ పద్ధతి ఆర్నిస్ నేర్చుకుని, గత పదకొండేళ్లుగా రెండూ కలిపి చెబుతున్నాను. ఈ లేఖకు ముందు ఒక కార్యాలయానికి రెండు వినతిపత్రాలు ఇచ్చాను, సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టాను. వినతిపత్రాలకు జవాబు లేదు. దరఖాస్తుకు ఒక్క వాక్యం వచ్చింది: "చట్టప్రకారం చర్యలు తీసుకోబడును." చర్యల సంగతి నేను అడగలేదు. సాధన కత్తులు, కర్రలు వెంట తీసుకువెళ్లడం గురించి చట్టం ఏమిటని అడిగాను. అందుకే ఇప్పుడు అందరికీ వినబడేలా రాస్తున్నాను.

ముందు జరిగింది చెబుతాను.

కిందటి కార్తీకంలో ఒక శనివారం రాత్రి, పాలిటెక్నిక్ రెండో సంవత్సరం చదువుతున్న మా విద్యార్థి క్లాసు ముగించుకుని బండి మీద ఇంటికి బయలుదేరాడు. వాహన తనిఖీలో బ్యాగు తెరిచారు. అందులో 28 అంగుళాల పేము కర్రలు రెండు, చెక్క కత్తులు రెండు, అల్యూమినియం కత్తి ఒకటి ఉన్నాయి. అల్యూమినియం కత్తి మా దగ్గర సాధనకు వాడేది. మొన గుండ్రంగా ఉంటుంది, వాదర ఉండదు, దానితో జామకాయ కూడా తెగదు. చెక్క కత్తికి లోహం బరువు రాదు కాబట్టి కొంత అనుభవం వచ్చినవాళ్లకు అది ఇస్తాం. అయితే టార్చిలైటు వెలుగులో అది నిజం కత్తిలాగే మెరుస్తుంది. కుర్రవాణ్ని స్టేషనుకు తీసుకువెళ్లారు.

తండ్రి దర్జీ. దుకాణం మూయకుండానే పరుగెత్తుకొచ్చాడు, మెడలో టేపు అలాగే వేలాడుతోంది. నేను వెళ్లేసరికి బల్ల దగ్గర చర్చ నడుస్తోంది. "తొమ్మిది అంగుళాలు దాటితేనే కేసు" అన్నాడు ఒక కానిస్టేబులు. "అంగుళాలతో పనిలేదు, కత్తి కత్తే" అన్నారు ఆయన పైఅధికారి. దర్జీ మెడలోంచి టేపు తీశాడు. కత్తిని బల్ల మీద సరిచేసి, జాకెట్టు చేతికి కొలత తీసినంత జాగ్రత్తగా పిడి వదిలేసి అలుగు కొలిచాడు. "ఆరూ ముప్పావు సార్" అన్నాడు. ఎవరూ అడగకపోయినా మళ్లీ తనే, "నా దుకాణంలో కత్తెర పదంగుళాలు సార్" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

పదకొండుంపావుకు పంపించారు. కర్రలూ చెక్క కత్తులూ తిరిగి ఇచ్చారు. అల్యూమినియం కత్తి ఉంచుకున్నారు. రసీదు అడిగితే, "కేసే లేనప్పుడు రసీదు ఎందుకు?" అన్నారు.

ఆ రాత్రి విధుల్లో ఉన్నవారిని నిందించడానికి ఇది రాయడం లేదు. ఎవరూ కుర్రవాడి మీద చెయ్యి చేసుకోలేదు, తండ్రిని కూర్చోబెట్టి మంచినీళ్లు కూడా ఇచ్చారు. కత్తిపోటు తిన్నవాణ్ని ఆసుపత్రికి మోసిన చేతులు వాళ్లవి; రాత్రివేళ ఒక బ్యాగులో కత్తి కనబడితే వదిలేయమని ఎవరు మాత్రం అంటారు? నా అభ్యంతరం వేరు. ఒకే బల్ల దగ్గర ఇద్దరు పోలీసులు రెండు చట్టాలు చెప్పారు. మూడోది నేను చెప్పాను. ముగ్గురిలో ఒక్కరి దగ్గరా కాగితం లేదు.

నేను చదివి తెలుసుకున్నంతలో సంగతి ఇది. ఆయుధాల చట్టం 1959 నాటిది. దాడికి గానీ రక్షణకు గానీ ఆయుధంగా తయారుచేసిన వస్తువు ఏదైనా దాని నిర్వచనంలోకి వస్తుంది, పదునైన ఆయుధాలు సహా. కేవలం ఇంటి పనికో, వ్యవసాయానికో చేసినవీ, ఆటబొమ్మలుగా తప్ప మరొకందుకు పనికిరానివీ బయట ఉంటాయి. కాబట్టే కొబ్బరిబొండాల బండి మీది కత్తినీ, కల్లుగీత కార్మికుడి నడుముకు వేలాడే కత్తినీ, రైతు సైకిలుకు కట్టిన కొడవలినీ ఎవరూ ఆపరు. ఆపకూడదు కూడా. మరి వాదర లేని సాధన కత్తి బొమ్మ కిందికి వస్తుందా, ఆయుధం కిందికి వస్తుందా? ఈ ఒక్క ప్రశ్నకు నాకు ఎక్కడా సూటి జవాబు దొరకలేదు.

ఇక ఆ తొమ్మిది అంగుళాలు. అవి 2016 ఆయుధాల నిబంధనల మొదటి షెడ్యూలులో అయిదో కేటగిరీ దగ్గర ఉన్నాయి. అంతకు ముందున్న 1962 నిబంధనల్లోనూ ఉన్నాయి. తుపాకులు కాని ఆయుధాల జాబితా అది: ఖడ్గాలు, బాకులు, బల్లేలు, కుక్రీలు, 9 అంగుళాలకు మించిన పొడవో 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న అలుగుతో అలాంటివి మరికొన్ని. ఏ ఆయుధం ఏ వరుసలోకి వస్తుందో చెప్పే పట్టిక అది. "ఎనిమిదిన్నర అంగుళాల కత్తి జేబులో పెట్టుకుని బజారులో తిరగవచ్చు" అన్న అనుమతి అందులో ఏ మూలా లేదు. పైగా అదే చట్టం సెక్షన్ 4 కింద కేంద్రం ఏదైనా ప్రాంతాన్ని నోటిఫై చేస్తే, అక్కడ పేర్కొన్న రకం ఆయుధానికి, తుపాకీ కాకపోయినా, లైసెన్సు కావాలి. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ప్రకారం బటన్ నొక్కితే తెరుచుకునే కత్తులపై నియంత్రణ 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు దగ్గరే మొదలవుతుంది. 7.62 అంటే సరిగ్గా మూడంగుళాలు. ఇక్కడ రైలెక్కినవాడి తొమ్మిది, ఢిల్లీలో దిగేసరికి మూడవుతుంది.

ఇవి చాలవన్నట్టు నిషేధాజ్ఞలు ఉంటాయి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 144వ సెక్షన్ ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163 అయింది. ఎన్నికలప్పుడు, పండుగలప్పుడు ఇచ్చే ఉత్తర్వుల్లో "కర్రలు, కత్తులు, ఇతర మారణాయుధాలు" అని ఒక్క ఊపున రాస్తారు. అది అమల్లో ఉన్న రోజుల్లో మా పిల్లల పేము కర్ర కూడా మారణాయుధమే. ఆ సంగతి మాకు మర్నాడు పేపర్లో తెలుస్తుంది.

పొడవుతో ప్రమాదాన్ని కొలవడమే ఎంత తప్పుడు లెక్కో గోదావరి జిల్లాల వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. కోడికత్తి అరచేతిలో ఇమిడిపోతుంది. 2018 అక్టోబరులో విశాఖ విమానాశ్రయంలో అప్పటి ప్రతిపక్ష నాయకుడిపై దాడి జరిగింది దానితోనే. తొమ్మిది అంగుళాల లెక్కన చూస్తే అది లెక్కలోకే రాదు.

ఈ అయోమయం వల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో నేను కళ్లారా చూసినంత మేరకు రాస్తున్నాను.

1. ఆ పాలిటెక్నిక్ కుర్రవాడు సాధన మానేశాడు. మూడేళ్లు నేర్చుకున్నాడు, మంచి చెయ్యి. కేసు పెట్టలేదని అందరం చెబుతున్నాం, తండ్రి మాత్రం నమ్మడం లేదు. ఇప్పటికీ దుకాణం ముందు నుంచి వెళ్తుంటే ఆపి అడుగుతాడు: "గురువుగారూ, వీడి పేరు ఎక్కడైనా రాసుకుని ఉంటారా? రేపు ఉద్యోగం వస్తే పోలీసు ఎంక్వయిరీలో బయటపడుతుందా?" రాసుకోలేదని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. రాశారనడానికీ లేదు.

2. ఆ రాత్రి తర్వాత నెల తిరిగేలోగా మా క్లాసులో ఉన్న పన్నెండు మంది ఆడపిల్లల్లో ఏడుగురు మానేశారు. "కర్రలు పట్టుకుని రోడ్డు మీద నడిస్తే పోలీసులు పట్టుకుంటారట" అని తల్లులు భయపడ్డారు. ప్రభుత్వమే సమగ్ర శిక్ష కింద రాణి లక్ష్మీబాయి పేరుతో ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పిస్తోంది. బడిలో నేర్పే విద్య, బడి గేటు దాటి బ్యాగులో ఇంటికి వెళ్తే నేరమేమోనన్న అనుమానం ఆ తల్లులకు ఎందుకు రావాలి?

3. తాలింఖానాల పరిస్థితి మరీ అన్యాయం. అమలాపురంలో దసరాకు చెడీ తాలింఖానా చూడని కోనసీమ వాడు ఉండడు. కళ్లకు గంతలు కట్టుకుని, పడుకున్న మనిషి మీద పెట్టిన కూరగాయను కత్తితో రెండు ముక్కలు చేసే విద్య అది. ఇలాంటి ఊరేగింపులకు పండుగనాడు పోలీసులే దారి ఇస్తారు. అయితే ఆ విద్య పండుగనాడు పుట్టదు, దానికి నెలల సాధన కావాలి. తుప్పు వదిలించడానికో పిడి బిగించడానికో కత్తిని కమ్మరి దగ్గరికి తీసుకువెళ్లాలి. మా వైపు పెద్దాయన ఒకరు, డెబ్బై దాటిన మనిషి, తాతలనాటి ఖడ్గాన్ని గోనెసంచిలో చుట్టి, పైన పచ్చగడ్డి కప్పి, ఆటోలో దొంగలా తీసుకువెళ్తున్నారు. విజయదశమికి పూజ అందుకునే ఆయుధం మిగతా రోజుల్లో గడ్డి కింద దాక్కుంటోంది.

4. ఇక ఇది అన్నిటికన్నా నన్ను భయపెట్టే సంగతి. చట్టం తెలియక కొందరు చెక్క కత్తి పట్టుకోవడానికి భయపడుతుంటే, అదే తెలియక మరికొందరు నిజం కత్తి జేబులో వేసుకుంటున్నారు. రెండేళ్ల కిందట మా క్లాసులోనే ఒక కుర్రవాడు వంగి కర్ర తీస్తుంటే ప్యాంటు జేబులోంచి మడత కత్తి జారి నేల మీద పడింది. ఎందుకురా అంటే ఫోను తీసి చూపించాడు: "తొమ్మిది అంగుళాల లోపు కత్తికి లైసెన్సు అక్కర్లేదు, ధైర్యంగా దగ్గర ఉంచుకోండి" అని ఎవరో పంపిన సందేశం. అది మొదట ఒక సాము గురువు చేసిన చిన్న వీడియోలోదని తర్వాత తెలిసింది. ఆ కుర్రవాడు దుర్మార్గుడు కాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చేటప్పుడు దారిలో తాగుబోతులు ఆపుతున్నారట.

ఆ రోజు నేనేం చేశానో కూడా చెప్పాలి. మందలించాను, కత్తి లాక్కున్నాను, అక్కడితో ఊరుకున్నాను. ఇరవై ఏళ్లు ఈ విద్య నేర్పుతూ కూడా, "ఇది బయటికి తీసుకువెళ్తే ఏమవుతుంది" అన్న పాఠం ఒక్కరోజూ చెప్పలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

అధికారులకు ఒక అనుమానం ఉంటుంది: కత్తి విద్య నేర్పితే కత్తి పట్టేవాళ్లు పెరగరా అని. ఒక్క సాయంత్రం మా క్లాసుకు రండి. కొత్తవాళ్లిద్దరికి తెల్ల బనియన్లు వేయిస్తాం. చెక్క కత్తుల అంచుకు తడిపిన ఎర్ర సుద్ద దట్టంగా పూస్తాం. ముప్పై సెకన్లు ఆడమంటాం. ఆపాక గెలిచానని నవ్వుతున్నవాడి బనియను చూపిస్తాం: మణికట్టు మీద రెండు గీతలు, పొట్ట మీద ఒకటి, మెడ పక్కన వేలెడంత ఎరుపు. ఆ నవ్వు ఆగిపోతుంది. కత్తి తీసిన చోట ఇద్దరూ ఓడిపోతారనీ, పారిపోయే దారి ఉంటే అదే మొదటి విద్య అనీ చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు. మడత కత్తి తెచ్చిన కుర్రవాణ్ని కూడా మర్నాడు ఆ బనియను వేయించి ఆడించాను. ఆ తర్వాత దాన్ని తిరిగి ఇమ్మని అతను అడగలేదు.

తలచుకుంటే ప్రభుత్వం కొలిచి మరీ చెప్పగలదు. సిక్కుల కృపాణానికి రాజ్యాంగం 25వ అధికరణలోనే రక్షణ ఉంది. అయినా 2022లో దేశీయ విమానాల్లో అలుగు 6 అంగుళాలు, మొత్తం 9 అంగుళాలు మించరాదని అంకెలతో ఉత్తర్వు ఇచ్చారు. ఎవరికీ అయోమయం లేదు. గట్కా, కలరిపయట్టు, థాంగ్-టా ఆయుధాలు పట్టి ఆడే విద్యలే. వాటిని 2020 డిసెంబరులో ఖేలో ఇండియా యువ క్రీడల్లో చేర్చారు. ఆర్నిస్ పుట్టిన ఫిలిప్పీన్స్‌లో 1970ల నుంచే, బతుకుతెరువుకు కావలసిన పనిముట్టు అయితే తప్ప, ఇంటి బయట కత్తి పట్టుకు తిరగడం నేరం. అదే దేశం 2009లో ఆర్నిస్‌ను జాతీయ క్రీడగా చట్టం చేసుకుంది. రెండింటికీ వైరం ఉందని అక్కడివాళ్లు అనుకోలేదు.

ఒక మాట స్పష్టంగా చెబుతున్నాను. ఆత్మరక్షణ పేరుతో కత్తి జేబులో పెట్టుకునే హక్కు నేను అడగడం లేదు. అడిగేవాళ్ల పక్కన నిలబడను కూడా. అధికారులను నేను అడుగుతున్నవి ఇవి:

1. కత్తులు, కర్రలు కలిగి ఉండటం, వెంట తీసుకువెళ్లడం గురించి అమల్లో ఉన్న నియమాలను తెలుగులో ఒక్క పేజీలో ప్రకటించండి. సెక్షన్ 4 నోటిఫికేషన్ మన జిల్లాల్లో ఎక్కడైనా ఉందో లేదో అందులో రాయండి. ఆ పేజీ ప్రతి స్టేషను గోడ మీద ఉండాలి. అది మాకెంత అవసరమో తనిఖీ చేసే కానిస్టేబులుకూ అంతే అవసరం.

2. సాధన పరికరం అంటే ఏమిటో నిర్వచించండి. చెక్క, రబ్బరు, ప్లాస్టిక్, వాదరా మొనా లేని అల్యూమినియం. మూసిన సంచిలో, ఇంటికీ క్లాసుకూ పోటీలకూ మధ్య మాత్రమే. సంచి బయట పట్టుకుని తిప్పితే చర్య తీసుకోండి, మేం అడ్డురాము.

3. తాలింఖానాల అసలు ఖడ్గాలకు స్టేషనులో ఒక పట్టిక పెట్టండి. ఎన్ని ఉన్నాయి, ఎవరి బాధ్యత, ఏ పెట్టెలో తాళం వేసి ఉంటాయి అన్నది రాసుకోండి. ఆ పెద్దాయన గడ్డి మోయనక్కరలేకుండా చేయండి.

4. ఏదైనా స్వాధీనం చేసుకుంటే జాబితా ప్రతి చేతికివ్వండి. సోదా, స్వాధీనాలను వీడియో తీయాలని నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ 2024 జులై నుంచి చెబుతూనే ఉంది. కేసు లేకపోతే వస్తువు ఎప్పటిలోగా తిరిగి ఇస్తారో కూడా రాయండి.

5. 163 కింద ఉత్తర్వు ఇచ్చేటప్పుడు శిక్షణ కేంద్రాలకు ముందురోజే ఒక సందేశం పంపండి. ఆ రోజులకు క్లాసులు మేమే మూసుకుంటాం.

6. ఆన్‌లైన్‌లో "క్యాంపింగ్" పేరుతో బటన్ కత్తులు అమ్ముతున్నవారిని వయసు అడగమనండి. మా వీధిలో పదో తరగతి పిల్లవాడికి అలాంటి పార్సిలు వచ్చింది, తీసుకున్నది వాళ్ల నాయనమ్మ.

ఇప్పుడు తోటి గురువులతో. మీతో కాస్త కటువుగానే మాట్లాడతాను, ఎందుకంటే ఇందులో సగం పాపం మనది.

తొమ్మిది అంగుళాల వీడియోలు తీసేయండి. తల్వారుతో పుట్టినరోజు కేకు కోసి రీలు పెట్టిన శిష్యుణ్ని ఆ సాయంత్రమే క్లాసు నుంచి పంపించండి. వాడు లైకులు ఏరుకుంటాడు, వాడి మూలంగా తనిఖీలో ఆగేది చెక్క కత్తి మోసే పిల్లలు. పద్దెనిమిది నిండనివారి చేతికి వాదర ఉన్న కత్తి ఇవ్వకండి, ఎంత ప్రతిభ ఉన్నా సరే. మొదటి క్లాసులోనే చట్టం చెప్పండి. ఆత్మరక్షణ హక్కు, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది. వాటిలో 37 ఒక్కటి గట్టిగా చదివి వినిపిస్తే చాలు: కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేసే హక్కు ఎవరికీ లేదు, పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కే లేదు. కింద పడినవాణ్ని మళ్లీ పొడిచి "ఆత్మరక్షణ సార్" అంటే ఏ కోర్టూ వినదు.

కోయడం నేర్పే మనలో ఎంతమందికి రక్తం ఆపడం వచ్చు? గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి బలంగా అదిమి పట్టాలి, తీసి తీసి చూడకూడదు, దిగబడిన కత్తిని లాగకూడదు, 108కి ఫోను చేయాలి. ఇది పది నిమిషాల పాఠం. గత ఉగాది నుంచి మా దగ్గర ఈ పాఠం రాకుండా ఎవరికీ అల్యూమినియం కత్తి ఇవ్వడం లేదు. మీ దగ్గరా మొదలుపెట్టండి. మన జిల్లాల గురువులందరం కలిసి ఒక నియమావళి రాసుకుని సంతకాలు చేద్దాం, అధికారులు అడిగేలోపు మనమే తీసుకెళ్లి ఇద్దాం. నా ముసాయిదా సిద్ధంగా ఉంది, రెండు పేజీలు.

అధికారులకు చివరిగా ఒక చిన్న మనవి. ఆ రాత్రి ఉంచుకున్న అల్యూమినియం కత్తి ఇంకా ఏదో బీరువాలో ఉండే ఉంటుంది. పిడికి నల్ల టేపు చుట్టి ఉంటుంది, అలుగు మీద ఎర్ర పెయింటుతో 14 అని రాసి ఉంటుంది. అది మా తాలింఖానా సామాను పుస్తకంలో పద్నాలుగో నంబరు. దాన్ని తిరిగి ఇవ్వడానికి వీలు లేదనుకుంటే, ఎందుకు వీలు లేదో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. దర్జీకి చూపిస్తాను.

ఇట్లు,
ఒక కర్రసాము గురువు